నలభై ఒకటో డబ్బ

పొద్దుగూకినంక రమ్మన్నది ఓదెమ్మ.
జర ముందే పోయి హారన్ కొట్టిన.
"కొట్టకు. ఇంకా ఇంటికి రానోళ్లున్నరు"
అని చెయ్యెత్తి ఆపింది.

నర్సంపేట అవతల మామిడితోటల
నలభై ఒక్క డబ్బలు.
ఎగిలివారంగ పక్క మిరపచేనుకు మందు కొడ్తరట.
"చేను వాళ్లది, మందు వాళ్లది,
వద్దనేటందుకు నేనెవర్ని?
ఈగకు గెట్టు తెలువదాయె."

ఇరవై రెండేండ్ల సంది ఈ డీసీఎం నడుపుతున్న.
ఎనుమాములకు మిర్చి బస్తాలు, జమ్మికుంటకు పత్తి,
ఒకసారి పెండ్లి బ్యాండు, ఒకసారి శవం.
ఏ లోడూ నన్ను గిట్ల నిలబెట్టి
చీకటి కోసం చూడుమనలే.

ఒక్కొక్కటే వస్తున్నయి,
కాళ్లకు పసుపు పెట్టుకున్న పేరంటాండ్ల లెక్క.
గడప మీద జరసేపు ఆగి లోపటికి.
ఓదెమ్మ తమ్ముని కొడుకు మొగిలి
టార్చికి ఎర్ర కవరు చుట్టిండు,
ఎర్రవెలుగు వాటికి కానరాదట.
వాకిళ్లకు జాలి కొట్టిండు:
గాలి పోవాలె, ఈగ పోవద్దు.
మూతనూ అడుగునూ తాడేసి బిగించిండు.
లోపటి పలకలు రోడ్డు పొడుగున ఉండాలెనట.
అడ్డం పెడితే, బ్రేకు కొట్టినప్పుడల్ల
ఒకదాని మీద ఒకటి ఊగి
నడుమ రాణి నలుగుతదట.

నలభై ఎక్కినయి.
ఒకటి చెట్టు కిందనే ఉన్నది, వాకిలి తెరిచి.
"మరిచిండ్రా?"
"ఆలస్యమైనోళ్లకు ఉంచిన.
రేపు మాపటికి దానికోసం మళ్ల రా. కిరాయి ఇస్త."
ఒక్క డబ్బకు!
వచ్చిన నవ్వును గొంతులనే మింగిన.

"ఆగితే ఉడుకుతయి, ఉరికితే చిట్లుతయి"
అన్నదొక్కటే ఓదెమ్మ, సీట్ల కూసుంట.
ఏ స్పీడ్ బ్రేకర్ ఎక్కడున్నదో
కండ్ల కంటె ముందు నా నడుముకు ఎరుక.
కాముని పున్నం పోయి మూడొద్దులు,
వరంగల్ దాటినంక లేసింది చంద్రుడు, ఒక దిక్కు అరిగి.

హుజూరాబాద్ కాడ పోలీసోళ్లు.
"ఏం లోడు?"
"ఈగలు సార్. డబ్బకు పదివేలు."
పరదా లేపబోయిన చెయ్యి
జేబులకు పోయింది.
"నడు, నడు."

ఆ అవతల రైలుగేటు పడ్డది.
బొగ్గు వ్యాగన్లు, యాభై దాక లెక్కపెట్టి ఇడిసిన.
ఇంజను బందు పెడితే
ఎనుక ఇంకో ఇంజను వినపడ్డది.
ముందు సన్నగ, ఇగ పెద్దగ,
నీళ్లందని బాయి మోటరు ఒర్రినట్టు.
ఓదెమ్మ దిగి గోనెపట్టాలు తడిపింది,
జాలీల మీద నీళ్లు చిలికింది,
నన్ను పిలిచి చెవి ఆనిచ్చి వినుమన్నది.

చెక్క వేడిగున్నది.
లోపట అందరు రెక్కలాడిచ్చుకుంట
ఒకళ్లకొకళ్లు గాలి ఇసురుకుంటున్నరట.
మేడారం పోయే బస్సు యాదికొచ్చింది,
నిలబడ సందులేని బస్సుల మా అవ్వ
ఎవ్వరి పిల్లలో తెలువని పిల్లలకు
కొంగుతోని ఇసిరిన ఇసురు.

రాయికల్ చేరేవరకు ఇంకా చుక్కలున్నయి.
నువ్వుచేను పూతమీదున్నది.
డబ్బలు దించి, తూర్పు మొఖం పెట్టి
ప్రతి వాకిలి ముందట ఒక యాపకొమ్మ అడ్డం పెట్టిండు మొగిలి.
"బయటికి రాంగనే కొమ్మ తాకాలె.
తాకితే నిన్నటి తావు కాదని తెలుస్తది.
అప్పుడు మళ్లి ఇల్లు చూసుకుంటది."

తెల్లారంగ జాలి గుంజితే వచ్చింది మొదటిది.
కొమ్మను తాకింది. ఉరుకలే.
డబ్బ దిక్కు తిరిగి, గాలిల నిలబడి
అటు జర ఇటు జర ఊగింది,
కొత్త బడిల పిల్ల
చెప్పులెక్కడ ఇడిసిందో గుర్తు పెట్టుకున్నట్టు.

ఖాళీ బండితోని మళ్లిన.
జగిత్యాల దాటినంక చూసిన, అద్దం మీద ఒకటి.
ఎప్పుడు జొచ్చిందో.
కిటికి దించి, మళ్ల ఎక్కించిన.
ఈడ ఇడిస్తే దానికి ఎవ్వరున్నరు?
నలభై ఎనుకబడ్డయి.
ముందట ఉన్నది ఒక్కటే,
మామిడిచెట్టు కింద, వాకిలి తెరిచి.

చాయ గ్లాసు అడుగున మిగిలిన తీపి
ఒక సుక్క డాష్‌బోర్డు మీద వంచిన.
ఇంకా నూటడెబ్బై కిలోమీటర్లు.
లోడు ఒకటి.
హారన్ కొట్టలే.